సుక్రలోజ్ పొట్లాలు, పేగు బ్యాక్టీరియా, షుగర్ రీడింగులు: ఏది ఎంతవరకు నిజం?

తెనాలి_చాయ్:

నాన్నగారికి 62 ఏళ్లు, బరువు 60 కిలోలు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా, పొద్దున గ్లిమెపిరైడ్ 1 మి.గ్రా. మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బిఎ1సి చివరిసారి 7.4. రోజుకి నాలుగు టీలు, టీకి పంచదార బదులు రెండు సుక్రలోజ్ (కృత్రిమ తీపి, అంటే స్వీటెనర్) పొట్లాలు, మొత్తం ఎనిమిది. నెల నుంచి టీతో పాటు డయాబెటిక్ బిస్కెట్లు నాలుగేసి తింటున్నారు. పొట్ట ఉబ్బరం, గ్యాస్ కూడా అప్పుడే మొదలయ్యాయి.

స్వీటెనర్లు పేగుల్లో బ్యాక్టీరియాని మార్చి షుగర్ పెంచుతాయని 2014 నాటి ఇజ్రాయెల్ పరిశోధన పేరు చెప్పి చాలామంది భయపెడుతున్నారు. అలాంటిదేం లేదని మరికొన్ని అధ్యయనాలు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడొద్దందని ఒకరు, అది షుగర్ ఉన్నవాళ్ల గురించి కాదని ఇంకొకరు. నా సందేహాలు నాలుగు. ఎనిమిది పొట్లాలు బ్యాక్టీరియాని కదిలించేంత మోతాదేనా? గ్యాస్‌కి కారణం సుక్రలోజేనా? ఆకు నుంచి తీసే స్టీవియాకి మారితే మేలా? ఇంట్లో గ్లూకోమీటర్‌తో తేల్చుకునే దారి ఉందా?

ల్యాబ్‌బెంచి:

ముందు "స్వీటెనర్లు" అని అన్నిటినీ ఒకే గాటన కట్టడం మానాలి. నాలుక మీద అన్నీ తియ్యగానే ఉంటాయి గానీ, మింగాక ఒక్కోటి ఒక్కో దారి పడుతుంది.

ఆస్పర్టేమ్ చిన్నపేగులోనే విరిగిపోతుంది. ఫినైల్‌అలనిన్, ఆస్పార్టిక్ ఆమ్లం, కాస్త మెథనాల్ అవుతుంది. ఆస్పర్టేమ్ రూపంలో పెద్దపేగు దాకా చేరేది దాదాపు ఏమీ ఉండదు. బ్యాక్టీరియా ఎక్కువగా కాపురముండేది పెద్దపేగులో కాబట్టి నేరుగా వాటిని తాకే అవకాశం తక్కువ. సాకరిన్‌లో 85 శాతానికి పైగా రక్తంలోకి వెళ్లి మూత్రంలో పోతుంది, మిగిలింది కిందికి దిగుతుంది. ఎసిసల్ఫేమ్ పొటాషియం దాదాపు మొత్తం మూత్రంలోనే. సుక్రలోజ్ దీనికి తలకిందులు: సుమారు 85 శాతం ఒంటికి పట్టకుండా పెద్దపేగు మీదుగా మలంలో పోతుంది. స్టీవియాకి తీపినిచ్చే గ్లైకోసైడ్లయితే పెద్దపేగుకి చేరి, అక్కడి బ్యాక్టీరియా వాటి చక్కెర ముక్కల్ని తుంచితేనే స్టీవియాల్‌గా మారి రక్తంలోకి వెళతాయి. అంటే స్టీవియా అరగడమే బ్యాక్టీరియా చేతుల్లో ఉంది. "సహజం కాబట్టి పేగుల్ని ముట్టుకోదు" అనే మాట ఇక్కడే తేలిపోతుంది.

ఇక పరిశోధనలు. 2014లో ఇజ్రాయెల్ వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నేచర్ పత్రికలో వేసిన పేపర్‌లో ఎక్కువ పని ఎలుకల మీదే. సాకరిన్ తాగిన ఎలుకలకి గ్లూకోజ్ తట్టుకునే శక్తి తగ్గింది. యాంటీబయాటిక్స్ ఇస్తే ఆ తేడా పోయింది. వాటి మలాన్ని బ్యాక్టీరియా లేని ఎలుకల్లోకి ఎక్కిస్తే వాటికీ అదే ఇబ్బంది వచ్చింది. బ్యాక్టీరియానే కారణమని చెప్పడానికి ఇది గట్టి ఆధారం. అయితే సాకరిన్ ఇచ్చి చూసిన మనుషులు ఏడుగురే, వారంలోపు. నలుగురిలో తేడా వచ్చింది, ముగ్గురిలో రాలేదు. జనం నోట్లో తిరిగేది మొదటి సగమే.

అదే బృందం 2022లో సెల్ పత్రికలో పెద్ద అధ్యయనం వేసింది. స్వీటెనర్లు అసలు వాడనివాళ్ల కోసం 1300 మందికి పైగా వడపోసి 120 మందిని పట్టుకున్నారు. ఇరవై మంది చొప్పున ఆరు గుంపులు: సాకరిన్, సుక్రలోజ్, ఆస్పర్టేమ్, స్టీవియా, ఉత్త గ్లూకోజ్, ఏమీ ఇవ్వనివాళ్లు. రెండు వారాలు రోజుకి ఆరు పొట్లాలు. నాలుగు స్వీటెనర్లూ బ్యాక్టీరియాలోనో, అవి తయారుచేసే పదార్థాల్లోనో ఎంతో కొంత మార్పు తెచ్చాయి. గ్లూకోజ్ స్పందన చెడింది మాత్రం సాకరిన్, సుక్రలోజ్ గుంపుల్లోనే, అదీ అందరిలో ఒకేలా కాదు. బాగా స్పందించినవాళ్ల మలం, స్పందించనివాళ్ల మలం ఎలుకల్లోకి ఎక్కిస్తే, ఎలుకల రీడింగులు ఆ దాతల బాటే పట్టాయి.

ఎదుటి పక్షం కూడా ఖాళీ చేతులతో లేదు. 2021లో మైక్రోబయోమ్ పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనంలో ఆరోగ్యవంతులు రోజుకి 400 మి.గ్రా. సాకరిన్ రెండు వారాలు తీసుకున్నా బ్యాక్టీరియా, గ్లూకోజ్ రెండూ మారలేదు. కెనడాలో 17 మందికి ఆస్పర్టేమ్, సుక్రలోజ్ రెండేసి వారాలు ఇచ్చి చూస్తే బ్యాక్టీరియాలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నా లెక్కలో ఇవి ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. ముందు నుంచి పేగులో ఏ బ్యాక్టీరియా ఉందో దాన్ని బట్టి ఫలితం మారుతుందంటే, చిన్న గుంపుల్లో ఒకసారి కనిపించి ఒకసారి కనిపించకపోవడం మామూలే.

మీ మోతాదు సంగతి. అమెరికాలో అమ్మే పసుపు పొట్లంలో 12 మి.గ్రా. సుక్రలోజ్ ఉంటుంది. మీదీ అంతే అనుకుంటే ఎనిమిదికి 96 మి.గ్రా. 2022 అధ్యయనంలో ఇచ్చింది రోజుకి 102. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టిన రోజువారీ హద్దు కిలో బరువుకి 5 మి.గ్రా., 60 కిలోలకి 300. అంటే హద్దులో మూడో వంతు, కానీ పరిశోధనలో తేడా కనిపించిన మోతాదుకి ఇంచుమించు సమానం. "హద్దు లోపలే ఉన్నాం కదా" అంటే పేగు ప్రశ్నకి జవాబు రాదు. ఆ హద్దులు వేరే రకం హానిని చూసి గీసినవి.

మీ నాన్నగారికి దగ్గరగా వచ్చే అధ్యయనం ఇంకోటి ఉంది. మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు టైప్ 2 షుగర్ ఉన్న 179 మందితో చేసి 2024లో వేశారు. టీ, కాఫీల్లో పంచదార బదులు సుక్రలోజ్, 12 వారాలు. హెచ్‌బిఎ1సి పెరగలేదు, తగ్గనూ లేదు. బరువు, నడుము కొలత కొద్దిగా తగ్గాయి. ఇజ్రాయెల్ వాళ్లు షుగర్ లేనివాళ్లని, అప్పటిదాకా స్వీటెనర్ ముట్టనివాళ్లని తీసుకున్నారు. మద్రాసు వాళ్లు పంచదార తాగేవాళ్లని తీసుకుని, దాన్ని మాన్పించి దీన్ని ఇచ్చారు. ప్రశ్నే వేరు. మీ ఇంటి ప్రశ్న రెండోదానికి దగ్గర.

పథ్యం_పళ్లెం:

ల్యాబ్‌బెంచి గారు సుక్రలోజ్ గురించి చెప్పారు. నేను దాని పక్కన కూర్చున్నవాటి గురించి చెప్తాను, ఎందుకంటే మీ అసలు దొంగ అక్కడే ఉన్నాడని నా అనుమానం.

12 మి.గ్రా. సుక్రలోజ్ అంటే గోటి మీద కనిపించనంత. పొట్లం నింపడానికి దాదాపు ఒక గ్రాము డెక్స్‌ట్రోజో మాల్టోడెక్స్‌ట్రిన్నో కలుపుతారు. డెక్స్‌ట్రోజ్ అంటే అచ్చం గ్లూకోజే. మాల్టోడెక్స్‌ట్రిన్ కూడా రక్తంలో షుగర్‌ని ఇంచుమించు గ్లూకోజంత వేగంగానే పెంచుతుంది. పొట్లానికి గ్రాము చొప్పున ఎనిమిదికి 8 గ్రాములు, అంటే చెంచాన్నర పంచదార. ఒక్క వడ్డనలో 5 కేలరీల లోపుంటే అమెరికాలో సున్నా అని రాసుకోవచ్చు. అలా ఎనిమిది సున్నాలు కలిస్తే 30 కేలరీలు. మాత్రల రూపంలో వచ్చేవాటిలో నింపుడు పదార్థం లాక్టోజ్, అదీ మి.గ్రా.ల్లోనే. కాబట్టి మొదటి పని: పొట్లాలు ఆపి మాత్రలకో చుక్కల సీసాకో మారండి. డబ్బా వెనక పదార్థాల వరసలో ఏది ముందుంటే అదే ఎక్కువ ఉన్నట్టు.

ఇందులో చిన్న మెలిక కూడా ఉంది. 2020లో సెల్ మెటబాలిజమ్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో సుక్రలోజ్‌ని ఒంటరిగా ఇచ్చినప్పుడు ఇన్సులిన్ పనితనం తగ్గలేదు. మాల్టోడెక్స్‌ట్రిన్‌తో కలిపి ఇచ్చినప్పుడు తగ్గింది, రెండు వారాల్లో ఏడు గ్లాసులకే. వాళ్లు కలిపిన పిండిపదార్థం పొట్లంలో ఉండేదానికన్నా చాలా ఎక్కువ, నిజమే. కానీ మన టీ ఎప్పుడు ఒంటరిగా తాగుతాం? పక్కన బిస్కెట్ ఉండాల్సిందే.

అదే టీని గ్రాముల్లో చూడండి. 100 మి.లీ. పాలు పోసిన టీలో పాల చక్కెరే 5 గ్రాముల దాకా. నాలుగు మారీ రకం బిస్కెట్లలో పిండిపదార్థం 16, 17 గ్రాములు. ఈ 22 గ్రాముల ముందు స్వీటెనర్ మీద పెట్టుకున్న దిగులు ఏ మూలకి? రోజుకి నాలుగు టీలంటే బిస్కెట్లే 16. హెచ్‌బిఎ1సి 7.4కి పేగు బ్యాక్టీరియాని దోషిగా నిలబెట్టే ముందు ఈ పదహారిని లెక్కలో వేయండి.

గ్యాస్‌కి సుక్రలోజ్‌ని అనుమానించే ముందు బిస్కెట్ ప్యాకెట్ తిప్పండి. మాల్టిటాల్, సార్బిటాల్, ఐసోమాల్ట్ అన్న పేర్లుగానీ, 965, 420, 953 అన్న నంబర్లుగానీ ఉంటాయి. ఇవి పాలియాల్స్ అనే తీపి పదార్థాలు. మి.గ్రా.ల్లో కాదు, గ్రాముల్లో వేస్తారు. చిన్నపేగు పూర్తిగా పీల్చుకోలేదు, మిగిలింది పెద్దపేగులో బ్యాక్టీరియాకి విందు. పులిసి గ్యాస్ వస్తుంది, నీటిని లాక్కుని విరేచనం పల్చబడుతుంది. సార్బిటాల్ 10 గ్రాముల దగ్గరే చాలామందికి ఉబ్బరం మొదలవుతుంది. "పాలియాల్స్ వల్ల విరేచనాలు కావచ్చు" అన్న వాక్యం ప్యాకెట్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది చూడండి. పైగా మాల్టిటాల్ షుగర్‌ని పెంచకపోదు. దాని గ్లైసెమిక్ ఇండెక్స్ (రక్తంలో షుగర్‌ని ఎంతగా పెంచుతుందో చెప్పే అంకె) 35 దగ్గర, పంచదారకి 65. తక్కువే గానీ సున్నా కాదు.

మిఠాయి కొట్లలో డయాబెటిక్ స్వీట్ల కథా ఇదే. సుక్రలోజ్‌తో తీపి వస్తుంది గానీ పాకం రాదు. తీగపాకం, ఉండపాకం కావాలంటే గిన్నెలో ముద్దగా సాగే చక్కెర ఉండాలి. అందుకని మాల్టిటాల్ సిరప్ పోస్తారు, లేదా ఖర్జూరం, అంజీర్ రుబ్బి వేసి "చక్కెర కలపలేదు" అని బోర్డు పెడతారు. ఖర్జూరంలో ఉన్నది చక్కెర కాక మరేమిటి? బొబ్బట్టులో బెల్లం తీసేసి సుక్రలోజ్ వేసినా మైదా, శెనగపప్పు ఎక్కడికీ పోవు. కోవాలో పాల చక్కెర చిక్కబడి ఉంటుంది. ఇంట్లో చేసుకుంటే సుక్రలోజ్‌ని దించాక కలపండి. నూనెలో వేగేవాటిలో, ఓవెన్‌లో కాలేవాటిలో వద్దు. 120 డిగ్రీలు దాటాక అది విరిగి క్లోరిన్ ఉన్న అనవసరపు పదార్థాలు పుట్టే అవకాశం ఉందని జర్మనీ ఆహార భద్రతా సంస్థ బీఎఫ్ఆర్ హెచ్చరించింది. మరిగే టీ 100 దాటదు కాబట్టి దానికి ఇబ్బంది లేదు. ఆస్పర్టేమ్ అయితే మరిగించకండి, తీపే పోతుంది.

పల్నాటి_పెరుగు:

స్టీవియాకి మారితే ఈ గొడవంతా ఉండదు కదండీ? ఆకు నుంచి తీసింది. కాస్త పెరుగు ఎక్కువ తింటే బ్యాక్టీరియా కూడా సర్దుకుంటుంది.

ల్యాబ్‌బెంచి:

ఆకు నుంచి తీసిందన్నది నిజమే, శుద్ధి చేశాక మిగిలే పొడి మాత్రం ఫ్యాక్టరీ సరుకే. 2022 అధ్యయనంలో స్టీవియా గుంపులో గ్లూకోజ్ చెడలేదు, అది దాని పక్షాన ఉన్న మాట. బ్యాక్టీరియా మాత్రం కదిలింది.

కొనేటప్పుడు ఒక చిక్కుంది. "స్టీవియా" అని పెద్దక్షరాల్లో రాసిన చాలా డబ్బాల్లో 95 శాతానికి పైగా ఎరిథ్రిటాల్ అనే మరో పాలియాల్ ఉంటుంది, 968 నంబరు. అది 90 శాతం దాకా చిన్నపేగులోనే పీల్చుకుని మూత్రంలో పోతుంది, కాబట్టి గ్యాస్ తక్కువ, షుగర్ పెంచదు. కానీ 2023లో నేచర్ మెడిసిన్‌లో క్లీవ్‌లాండ్ క్లినిక్ బృందం వేసిన పేపర్‌లో, రక్తంలో ఎరిథ్రిటాల్ ఎక్కువున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువ కనిపించాయి. దీంట్లో తిరకాసు ఏమిటంటే ఎరిథ్రిటాల్‌ని మన ఒళ్లు కూడా తయారుచేసుకుంటుంది, షుగర్ ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ. ఏది కారణం, ఏది గుర్తు అన్నది ఆ పేపర్‌తో తేలదు. అయినా తర్వాత చేసిన చిన్న ప్రయోగంలో 30 గ్రాములు ఒకేసారి తాగాక ప్లేట్‌లెట్లు గడ్డకట్టే గుణం పెరిగింది. గుండెకి స్టెంట్ పడినవాళ్లకైతే చెంచాలకొద్దీ ఎరిథ్రిటాల్ నేను సూచించను. చుక్కల్లో వచ్చే ఉత్త స్టీవియా వేరు.

పెరుగు మంచిదే, తినండి. అయితే పెరుగులో బ్యాక్టీరియా పెద్దపేగులో స్థిరపడిపోయి స్వీటెనర్ చేసిన మార్పుని తుడిచేస్తుందని చూపించినవాళ్లు లేరు. పెద్దపేగు బ్యాక్టీరియాకి అసలు తిండి పీచు. గోరుచిక్కుడు, చిక్కుడు, తోటకూర, పొట్టుతో పెసలు, ఉలవలు: బ్యాక్టీరియా మీద శ్రద్ధ ఉంటే ఖర్చు అక్కడ పెట్టాలి. వేలకి వేలు పోసి మలం నమూనా పంపించే మైక్రోబయోమ్ పరీక్షలు వద్దు. నిన్నటికీ ఇవాళ్టికీ మారే జాబితా చూసి మందు మార్చే డాక్టరు ఉండరు.

స్ట్రిప్పుల_డబ్బా:

నాలుగో ప్రశ్నకి. తేల్చుకోవచ్చు, కానీ రెండు వేర్వేరు పరీక్షలు కావాలి. చాలామంది మొదటిది చేసి రెండోది చేశామనుకుంటారు.

మొదటిది, తాగిన వెంటనే ఏమవుతుందో. పరగడుపున ఒక రీడింగ్. తర్వాత పాలు లేని టీ, అందులో రెండు పొట్లాలు, మరేమీ వద్దు. 30, 60 నిమిషాలకి రీడింగ్. మర్నాడు పొట్లాల బదులు స్వీటెనర్ మాత్రలు, మూడోనాడు ఏ తీపీ లేకుండా. గ్లిమెపిరైడ్ వేసుకుని ఖాళీ కడుపుతో గంట కూర్చోకూడదు కాబట్టి ఈ పరీక్ష అయ్యాక ఆ గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని వెంటనే టిఫిన్ తినాలి. గంట ఆలస్యానికి డాక్టరు గారు సరేనంటేనే చేయండి. మూడు రోజుల్లో ఏదీ 15 పాయింట్లు మించి పెరగకపోతే వెంటనే పడే ప్రభావం లేనట్టు.

రెండోది, బ్యాక్టీరియా ద్వారా వచ్చేది. దీనికి రెండు వారాలు కావాలి, తీపి టీ తాగిన గంటలో కనపడదు. రెండు వారాలు స్వీటెనర్ పూర్తిగా బంద్: టీలో, బిస్కెట్లలో, అన్నిటిలోనూ, ఒక్క టూత్‌పేస్ట్ మినహా. దాని చివరి మూడు రోజులు ఒకే టిఫిన్, ఉదాహరణకి మూడు ఇడ్లీ, రెండు చెంచాల పల్లీ చట్నీ, తీపి లేని టీ. మొదటి ముద్దకి ముందు, ముద్ద నుంచి 60, 120 నిమిషాలకి కొలవండి. తర్వాత రెండు వారాలు రోజూ అలవాటైన మోతాదు స్వీటెనర్, కానీ మాత్రల రూపంలో. చివరి మూడు రోజులు అదే ఇడ్లీ, అదే చట్నీ, ఆ టిఫిన్‌తో మాత్రం తీపి లేని టీ. ఈ రెండో పరీక్షకి మొత్తం 18 స్ట్రిప్పులు, 25 డబ్బా ఒకటి సరిపోతుంది.

ఎక్కడ చెడుతుందంటే: వేళ్లకి పండు రసమో పొట్లం పొడో అంటుకుని ఉంటే రీడింగ్ ఒక్కసారిగా యాభై, వంద పెరిగి చూపించొచ్చు. పొట్లం చించిన చేత్తోనే సూది గుచ్చుకోవడం అన్నిటికన్నా మామూలు పొరపాటు. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి, మొదటి చుక్క తుడిచేయండి, వేలిని గట్టిగా పిండొద్దు. రాత్రి ఆలస్యంగా పెళ్లి భోజనం చేసినా, నిద్ర లేకపోయినా, జలుబు చేసినా ఆ రోజు లెక్కలోకి రాదు. టిఫిన్ తర్వాత ఒకరోజు నడిచి ఒకరోజు కూర్చుంటే ఆ తేడా స్వీటెనర్ ఖాతాలో పడుతుంది. మందుల వేళ, మోతాదు మారకూడదు.

ఇక మీటర్ సంగతి. అంతర్జాతీయ ఐఎస్ఓ ప్రమాణం ప్రకారం 100 పైన 15 శాతం అటూఇటూ ఉండొచ్చు. 180 రీడింగ్ అసలు 153 కావచ్చు, 207 కావచ్చు. అందుకే ఒక్కరోజు చూసి తీర్పు ఇవ్వొద్దు. మూడు రోజుల సగటు తీసి పోల్చండి. సగటులో 10, 12 తేడా అంటే ఏమీ లేనట్టే. 25, 30 తేడా వచ్చి, ఇంకోసారి చేసినా అలాగే వస్తే మాత్రం స్వీటెనర్ మానేయడమే. హెచ్‌బిఎ1సి దీనికి పనికిరాదు, అది మూడు నెలల సగటు చూపిస్తుంది.

తెనాలి_చాయ్:

చాలా స్పష్టంగా చెప్పారు. బిస్కెట్ ప్యాకెట్ చూశాను, పిండి తర్వాత రెండో పదార్థం మాల్టిటాల్. పొట్లంలో డెక్స్‌ట్రోజ్. ఇంకో సందేహం: ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట మరి? మెట్‌ఫార్మిన్‌కి స్వీటెనర్లకి పడదా?

మందుల_చీటీ:

2023 మే మార్గదర్శకం బరువు తగ్గడానికి స్వీటెనర్ల మీద ఆధారపడొద్దంది. అప్పటికే షుగర్ ఉన్నవాళ్లకి అది వర్తించదని అందులోనే రాసి ఉంది. ఆ జూలైలో వచ్చిన ఆస్పర్టేమ్, క్యాన్సర్ వార్త వేరే సంగతి. అప్పుడూ ఆస్పర్టేమ్ రోజువారీ హద్దుని, కిలోకి 40 మి.గ్రా.ని, మార్చలేదు.

మెట్‌ఫార్మిన్‌తో స్వీటెనర్లకి తగువు లేదు. కానీ మెట్‌ఫార్మిన్ తానే పేగు బ్యాక్టీరియాని బాగా మారుస్తుంది, స్వీటెనర్ కంటే ఎన్నో రెట్లు స్పష్టంగా. షుగర్ ఉన్నవాళ్ల పేగుల్లో కనిపించే తేడాలో కొంత జబ్బుది కాదు, ఈ మందుది అని 2015లోనే నేచర్‌లో చూపించారు. గ్యాస్, పల్చటి విరేచనాలు దీని మామూలు దుష్ప్రభావాలే. పైన మాల్టిటాల్ పడితే రెండూ కలిసి వాయిస్తాయి. ముందు బిస్కెట్లు వారం ఆపండి. ఉబ్బరం పోతే తేలిపోయింది. పోకపోతే మెట్‌ఫార్మిన్ భోజనం మధ్యలో వేసుకుంటున్నారో లేదో చూడండి, నెమ్మదిగా కరిగే రకానికి మార్చమని డాక్టరు గారిని అడగండి.

ఇంకోటి, ఇక్కడ ఎవరూ అనలేదు గాని. గ్లిమెపిరైడ్ వేసుకునేవాళ్లకి షుగర్ పడిపోవచ్చు. చెమటలు పట్టి, చేతులు వణికి, మీటర్ 70 లోపు చూపిస్తే ఇంట్లోవాళ్లు కంగారులో చేతికి అందిన డైట్ కూల్‌డ్రింకో, పొట్లాలు కలిపిన నీళ్లో ఇస్తారు. నాలుకకి తియ్యగా ఉంటుంది, షుగర్ మాత్రం లేవదు. ఆ వేళకి 15 గ్రాముల అసలు గ్లూకోజ్ కావాలి: మూడు నిండు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి, లేదంటే అంతే పంచదార. 15 నిమిషాలకి మళ్లీ కొలిచి, 70 దాటకపోతే ఇంకోసారి. మనిషి మత్తుగా ఉండి మింగలేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ముందు ముందు డాక్టరు అకార్బోజో, వోగ్లిబోజో అనే షుగర్ మందు కలిపితే అప్పుడు పంచదార కూడా ఆలస్యంగా విరుగుతుంది, గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. స్వీటెనర్ సీసా, గ్లూకోజ్ డబ్బా ఒకే అరలో పెట్టకండి. గ్లూకోజ్ డబ్బా మీద మందపాటి మార్కర్‌తో పెద్దక్షరాల్లో రాసి, నాన్నగారి మంచం పక్కన ఉంచండి.